యాడ్స్ లేని గంట

"సుధా, యాడ్స్ వచ్చాయి!"

శ్రీనివాసరావు హాల్లోంచి ఇలా కేకేశాడంటే కాఫీ పెట్టమని అర్థం. తార్నాకలోని ఆ ఇంట్లో ఇరవై ఆరేళ్లుగా ఇదే అలవాటు. సీరియల్ కానీ, క్రికెట్ కానీ, మధ్యలో సబ్బుల ప్రకటన పడగానే సుధామయి లేవాలి. కాఫీ, అత్తగారి మాత్రలు, మర్నాటికి పప్పు నానబెట్టడం, అన్నీ ఆ నాలుగు నిమిషాల్లోనే. ఆవిడ లేచేటప్పుడు సీరియల్లో ఎవరో ఏడుస్తుంటారు, తిరిగొచ్చేసరికి నవ్వుతుంటారు. మధ్యలో ఏం జరిగిందో ఎవరూ చెప్పరు. "నువ్వు చూస్తే మాత్రం ఏం ఒరుగుతుందిలే" అని ఆయన ఒకసారి సరదాకే అన్నాడు. ఆ సరదా ఆవిడకి ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది.

యూనివర్సిటీ ఆఫీసులో ఆవిడ సీనియర్ అసిస్టెంటు. అక్కడా అంతే, ఎవరి పుట్టినరోజైనా ప్లేట్లు కడిగేది ఆడవాళ్లే. ఫైళ్లకి దారం కడుతూ ఆవిడ కల్యాణి రాగంలో కూనిరాగం తీస్తుంటే ఓ రోజు స్వర్ణ విన్నది. లాలాగూడ పిల్ల. క్యాంపస్‌లో కొత్తగా పెట్టిన లలితకళల చానల్‌కి ప్రోగ్రాములు చేస్తుంది. లాభం కోసం పెట్టిన చానల్ కాదది. పాట, నాట్యం, బొమ్మలు తప్ప అందులో ఇంకేమీ ఉండవు.

"గింత మంచి గొంతు పెట్టుకొని ఫైళ్లు కడుతున్నరా మేడం? శుక్రవారం సాయంత్రం ఒక గంట పాడుండ్రి. లైవ్."

పెళ్లికి ముందు పదేళ్లు సంగీతం నేర్చుకున్న మనిషికి 'ఒక గంట' అన్న మాటే నమ్మశక్యంగా లేదు. అయినా సరేనంది.

గురువారం రిహార్సల్. శ్రుతిపెట్టె మోగుతోంది. ఆలాపన మంచి పట్టులో ఉండగా, పన్నెండో నిమిషంలో సుధామయి చటుక్కున లేచి నిలబడింది. కుచ్చిళ్లు సర్దుకుని రెండడుగులు వేసింది కూడా. వయొలిన్ రాజలింగం గారు కమాను ఎత్తి అలాగే ఉండిపోయారు.

"ఏమైంది మేడం?" అంది స్వర్ణ.

"కాఫీ..." అని నాలుక కరుచుకుంది. ఇంట్లో సీరియల్‌కి సరిగ్గా ఆ వేళకే యాడ్స్ వస్తాయి.

సంగతి విని స్వర్ణ పడీ పడీ నవ్వింది. సుధామయీ నవ్వింది. నవ్వుతుంటేనే కళ్లలో నీళ్లు తిరిగాయి. పాటలో మునిగిన మనిషిని కూడా కాళ్లు వంటింటికి ఈడ్చుకుపోతున్నాయంటే ఎంత సిగ్గు, ఎంత కోపం!

"మన దాంట్ల యాడ్స్ లేవు మేడం, మిమ్మల్ని ఎవ్వరు పిలువరు. రేపు గిట్ల లేస్తే మాత్రం ఖేల్ ఖతం. మళ్ల మనకు గంట ఇయ్యరు."

శుక్రవారం పన్నెండో నిమిషానికి కాళ్లు వంటింటివైపు లాగనే లాగాయి. ఆవిడ అరచేయి తొడమీద గట్టిగా వేసి అదిమిపెట్టి, పై షడ్జమం అందుకుంది. అందింది! ఆ తర్వాత కాళ్లు గుర్తే లేవు. రాగం ఎటు పోతే అటు పోయింది, నచ్చినచోట ఆగింది, మళ్లీ బయల్దేరింది. గంట ఎప్పుడైపోయిందో తెలియలేదు. అబ్బ, ఎంత హాయి!

ఇంటికి రాగానే అత్తగారు శ్యామలాంబ గుమ్మంలోనే చెయ్యి పట్టుకుంది. "నీ పాట టీవీలో పెట్టుకుని, యాడ్స్ వస్తే మాత్రలు వేసుకుందామని కూర్చున్నానే. రానే లేవు! ఓ పాటని మొదట్నుంచి చివరిదాకా కూర్చుని వినడం నా జన్మలో ఇదే. వాడేమో కాఫీ కాఫీ అంటూ వంటింటి గుమ్మందాకా ఐదుసార్లు వెళ్లొచ్చాడు."

"బాగానే పాడావు" అని శ్రీనివాసరావు క్రికెట్ పెట్టుకున్నాడు. ఓవర్ అయింది. సబ్బుల ప్రకటన పడింది.

"సుధా, యాడ్స్ వచ్చాయి!"

కాళ్లు కదలబోయాయి. సుధామయి అత్తగారి పక్కన సోఫాలో ఇంకాస్త వెనక్కి జారగిలబడి, తొడమీద తాళం అందుకుంది.

"మా దాంట్లో యాడ్స్ లేవండీ."

శ్యామలాంబ పకపకా నవ్వి, "నీ కాఫీకి ఎలాగూ లేవాలిగా, మా ఇద్దరికీ చెరో కప్పు తేరా" అంది కొడుకుతో.