కత్తిరించిన గండి

"ఏడవమ్మా, మొన్నటిలాగే ఏడువు. కాస్త కెమెరా వైపు చూడు," అన్నాడు వరదకట్ట కాంట్రాక్టరు, ఆమె భుజాల మీద కొత్త దుప్పటి కప్పుతూ.

ఆమెకు ఒళ్ళు మండింది. మొన్న ఏడ్చిన మాట నిజమే. కట్ట తెగి చెల్లెలు కొట్టుకుపోతే ఆ గండి ముందే కూలబడి గుండెలు బాదుకుంది. పేపర్లో మొహం ఒక్కటే వేశారు. వెనకున్న గండిని కత్తిరించి, పైన 'ప్రకృతి కన్నెర్ర' అని రాశారు. అప్పటినుంచి తోటి ఇటుకబట్టీ కూలీలందరికీ ఆమె ఏడుపక్క అయిపోయింది.

ప్రకృతిట! రాయి వేయాల్సిన కట్టలో ఇసక కూరి, పైన వేలెడు మందాన సిమెంటు పూసిన పెద్దమనిషి ఎదురుగా దుప్పట్లు పంచుతున్నాడు. గండి దగ్గర పొక్లెయిన్ సిద్ధంగా ఉంది. ఫొటోలు తీయగానే పూడ్చేస్తుంది. ఇక చెల్లెల్ని ఎవరు చంపారని అడిగినా చూపించడానికి ఏమీ మిగలదు.

"ఇక్కడ కాదు. గండిలో నిలబడతా," అంది ఏడుపక్క.

"ఊరుకోవే, దుప్పటన్నా దక్కనీ," గొణిగాడు బట్టీ ముసలాయన.

"కప్పుకునే రా మామా. అదీ మన కష్టంలోదే."

"వెళ్ళి ఏం లాభం? మళ్ళీ కత్తిరిస్తారుగా!" అంది వెనకనుంచి ఒక పడుచుపిల్ల.

అయినా ఏడుపక్క గండిలోకి దిగింది. కాలికి తగిలిన పెచ్చు తీసింది. ఒకవైపు సిమెంటు, రెండోవైపు జలజలా ఇసక. చటుక్కున దాన్ని చెంపకు ఆనించుకుంది.

"ఇలా పట్టుకోండర్రా! ఇప్పుడు కత్తిరించమనండి, మొహాలు కూడా తెగిపోతాయి!"

జనం దిగారు. "తొక్కించెయ్!" అని అరిచాడు కాంట్రాక్టరు. పొక్లెయిన్ డ్రైవరు ఇంజను ఆపేసి, "మనుషుల మీదికి నా వల్ల కాదు సార్," అన్నాడు.

పేపరు ఫొటోగ్రాఫరు తటపటాయించాడు. "నా ఉద్యోగం పోతుందక్కా."

"నా చెల్లెలు పోయింది తమ్ముడూ."

అతను కెమెరా ఎత్తి వరసగా నొక్కాడు.

కాంట్రాక్టరు ఫోను చేయడంతో పోలీసు జీపు రానే వచ్చింది. కెమెరా లాక్కున్నారు, అతన్ని జీపులోకి తోశారు. ఇన్‌స్పెక్టరు కెమెరాలోని కార్డు తీసి బూటుకింద నలిపాడు.

"ఫొటో లేదు, ఏమీ లేదు. పొండిక!"

ఒక్కరూ కదల్లేదు. చెంపల మీదుగా ఇసక మెడల్లోకి జారుతోంది. ముసలాయన కూడా పెచ్చు దించలేదు. గట్టు మీద చూస్తున్నవాళ్ళు కూడా ఒక్కొక్కరే దిగి పెచ్చులు ఏరుకుంటున్నారు.

ఏడుపక్క కళ్ళలో చుక్క నీరు లేదు.

"పోయింది ఫొటోనే సారూ, మేం కాదు. ఇంకో కెమెరా వచ్చేదాకా ఇలాగే నిలబడతాం."