పైకి అనకూడని మాట

చిక్కుపడిన తెల్లజుట్టును కొసల నుంచి విడదీస్తూ, "తల కొంచెం వంచండి" అంది విజయలక్ష్మి. ఫ్రౌ కెస్లర్ తల వంచింది. దువ్వెన పళ్ళ కింద పసిపిల్లల మాడులా గులాబిరంగు చర్మం కనిపించింది. మెడ వెనక మాత్రం నలిగిన పట్టుగుడ్డలా అన్నీ ముడతలే. కిటికీ అవతల, జర్మనీలోని బ్యోబ్లింగెన్ ఊరి ఇళ్ళ కప్పులమీద నిన్నటి మంచు కరగకుండా, మురికి పట్టి ఉంది.

"నీ పేరు?" అంది ముసలామె.

"విజయలక్ష్మి."

"పుట్టిన ఊరు?"

"అమలాపురం."

"ఒక్కో అక్షరం చెప్పు."

చెప్పింది. ఈ వృద్ధాశ్రమంలో సహాయకురాలిగా చేరినప్పటి నుంచీ ఇద్దరికీ అలవాటైన ఆట ఇది. ఫ్రౌ కెస్లర్ ఒకప్పుడు ఊరి రిజిస్ట్రారు. పుట్టుకలూ, పెళ్ళిళ్ళూ, చావులూ ఆమె ఎదుటికి వచ్చి తీరాల్సిందే. "నేను ఒక్క వాక్యం అనేదాన్ని. అనకముందు వాళ్ళు ఎవరికెవరో. అన్నాక మొగుడూ పెళ్ళాలు" అని జ్ఞాపకం బాగున్న రోజుల్లో చెప్పేది. విజయలక్ష్మికి నవ్వొచ్చేది. తన పెళ్ళిలో తను ఒక్క మాటా అనలేదు. మంత్రాలు పురోహితుడివి, ముడులు పెళ్ళికొడుకువి, వేళాకోళాలు చుట్టాలవి. తను తల వంచుకుంది, అంతే.

"భర్త పేరు?"

దువ్వెన ఆగిపోయింది. ఇన్నాళ్ళలో ఈ ప్రశ్న ఎప్పుడూ రాలేదు.

కిందటి నెల ఒక ఉదయం, భోజనాల హాల్లో ఫ్రౌ కెస్లర్ బల్ల పట్టుకుని లేచి నిలబడింది. వణకని గొంతుతో, "హెర్ బ్రాంట్ మరణించినట్టు ఇందుమూలంగా ప్రకటిస్తున్నాను" అంది. రొట్టెకు వెన్న రాసుకుంటున్న బ్రాంట్ పకపకా నవ్వాడు. ఆ వారంలోనే ఆయన నిద్రలో పోయాడు. తరవాత ఫ్రౌ ఇల్లిగ్ పేరు చెప్పింది. ఇల్లిగ్ నవ్వలేదు. చెంచా కింద పెట్టి తన గదికి వెళ్ళిపోయింది. మళ్ళీ హాల్లోకి రాలేదు; ఆ గదిలోనే పోయింది.

అప్పటి నుంచీ ఆ బల్ల దగ్గర ఎవరూ కూర్చోవడం లేదు. "తొంభై ఏళ్ళవాళ్ళు పోతారు విజయా, ఇందులో వింతేముంది?" అంది నర్సు హైకె. అంటూనే, ఇకమీదట ఫ్రౌ కెస్లర్‌కు భోజనం గదిలోనే పెట్టమంది. హైకె కూడా ఈ గదిలోకి వస్తే ముసలామె కళ్ళలోకి చూడదు. విజయలక్ష్మి అది గమనించింది.

ఆమె పెరిగిన ఇంట్లో బియ్యం అయిపోయాయి అనకూడదు, నిండుకున్నాయి అనాలి. దీపం ఆరిపోయింది అనకూడదు, కొండెక్కింది అనాలి. విసుగొచ్చి "నా చావు" అంటే అమ్మ నోటిమీద కొట్టేది. సందెవేళ తథాస్తు దేవతలు తిరుగుతుంటారే, ఏమంటే అదే ఖాయం చేసేసి పోతారే, అని మందలించేది.

"చెప్పను" అంది విజయలక్ష్మి. "మా వైపు పాతకాలం ఆడవాళ్ళు భర్త పేరు పైకి అనరు. మా అమ్మ అనలేదు. నేనూ అనను."

"సాయంత్రం కింద కారులో ఉంటాడు. ఊలుటోపీ పెట్టుకుంటాడు" అంది ముసలామె. తరవాత కుర్చీ చేతులు పట్టుకుని నడుము నిటారుగా లేపింది. గొంతు మారిపోయింది. "ఇందుమూలంగా..."

విజయలక్ష్మి ఆమె నోరు మూసేసింది.

అరచేతి కింద పెదవులు ఇంకా కదులుతున్నాయి, వెచ్చగా, తడిగా. ఒక్క క్షణమే. చెయ్యి తీసేసరికి ముసలామె కళ్ళలో బెదురు. విజయలక్ష్మి దువ్వెన బల్లమీద పెట్టి, క్షమించమని కూడా అనకుండా బయటికొచ్చేసింది. కారిడార్‌లో గోడకానుకుని తడి అరచేతిని బట్టలకు తుడుచుకుంది.

భర్తకు నెల్లాళ్ళుగా మెట్లెక్కితే గుండెల మీద రాయి పెట్టినట్టుంటోంది. ఆఫీసులో పని ఒత్తిడి అంటాడు. గుండె పరీక్షకు రేపటికి టెర్మిన్, అంటే డాక్టరు అపాయింట్‌మెంటు, దొరికింది.

పని ఆగదు. ఒకరిని స్నానానికి తీసుకెళ్ళింది, ఇంకొకరికి మేజోళ్ళు తొడిగింది. "చెయ్యి ఎత్తండి" అంటే ఎత్తారు. "నోరు తెరవండి" అంటే తెరిచారు. ఈ దేశం వచ్చిన కొత్తలో ఏళ్ళ తరబడి ఫ్లాట్‌లో టీవీతో తప్ప మాట్లాడని మనిషి. నాలుగు జర్మన్ ముక్కలు నేర్చుకుని ఇక్కడ చేరాక, తన మాటకు మనుషులు కదలడం చూసి మొదట్లో ఆశ్చర్యపోయింది. ఇంట్లో ఆమె మాట ఎప్పుడూ అడగడమే. "వెళ్దామా అండీ?" "చేయించుకుంటారా అండీ?" నిర్ణయం ఆయనది.

మధ్యాహ్నం ఫోన్ చేసింది. "ఎలా ఉందండీ?"

"బానే ఉంది. ఊరికే కంగారుపడతావేంటి?"

ఇవాళ రావద్దండీ అనబోయింది. ఎందుకు అంటే ఏం చెప్పాలి? ఆ కారణం తన నోటితో తనే ఎలా అనగలదు? "మంచుగా ఉంది, మెల్లిగా రండి" అని పెట్టేసింది.

మబ్బు కిందికి దిగి వెలుతురు తగ్గుతుండగా మళ్ళీ ఆ గదిలోకి వెళ్ళింది. ఫ్రౌ కెస్లర్ మంచంమీద వెల్లకిలా పడుకుని ఉంది. ముక్కు పొద్దుటి కంటే సన్నబడినట్టుంది. దుప్పటి మీది చేతుల్లో గోళ్ళ కింద నీలం చేరింది. మధ్యాహ్నం తెచ్చిన సూపు మీద మీగడ కట్టింది.

"పొద్దున నేను చేసింది తప్పు" అంది విజయలక్ష్మి.

"నేనే వాళ్ళని చంపానంటున్నారు కదూ?" గొంతు తేటగా ఉంది. "బ్రాంట్ పెదవులు నల్లబడ్డాయి. ఇల్లిగ్ తినడం మానేసి, తింటున్నట్టు నటించేది. నాకు కనబడింది. ఇక్కడ అందరూ, బావున్నారు, రేపటికి తగ్గిపోతుంది అంటారు. పోయేవాళ్ళకి ఎవరో ఒకరు సరిగ్గా చెప్పాలమ్మాయ్. లేకపోతే గుమ్మంలోనే నిలబడిపోతారు."

విజయలక్ష్మి చల్లారిన సూపు గిన్నె పక్కకు జరిపింది.

"నీ భర్త కారు దిగి అద్దం మీద మంచు తుడుస్తాడు. తుడిచి, ఇలా నిలబడతాడు." ముసలామె అరచేయి రొమ్ముమీద పెట్టుకుని, మెడ పక్కకు వాల్చి చూపించింది. "రోజు రోజుకీ ఎక్కువసేపు. అందుకే పేరడిగాను."

విజయలక్ష్మి కిటికీ వైపు చూసింది.

"నాకెవరు చెబుతారు?" అంది ఫ్రౌ కెస్లర్. "ఊరందరికీ నేను చెప్పాను. నువ్వు చెప్పు. ఇందుమూలంగా ప్రకటిస్తున్నాను, అను."

"వద్దండీ. అలాంటి మాటలు అనకూడదు."

"అనకపోతే ఉండిపోతానా?"

విజయలక్ష్మి దుప్పటి సరిచేసి, హైకెకి కబురు పెట్టింది. హైకె వచ్చి నాడి చూసి, డాక్టరుకు ఫోన్ చేయడానికి వెళ్ళింది. విజయలక్ష్మి డ్యూటీ అయిపోయింది. కింద నుంచి కారు తలుపు చప్పుడు వినిపించింది. విజయలక్ష్మి కిటికీ దగ్గరికి వెళ్ళడానికి భయపడింది. గుమ్మం దాకా నడిచి, రోజూ అనే మాట అనడానికి వెనక్కి తిరిగింది. వెళ్ళేవాళ్ళు వెళ్ళొస్తానంటారు, ఉండేవాళ్ళు వెళ్ళిరమ్మంటారు. చిన్నప్పటి నుంచీ నోటికి పట్టిన మాటలు, ఎన్నడూ తడబడలేదు.

"వెళ్ళిరండి" అంది.

వెళ్ళేది తను, వెళ్ళొస్తాననాల్సిందని అన్నాక గానీ తెలియలేదు. నాలిక కరుచుకుంది. ముసలామెకు తెలుగు రాదు.

"స్పష్టంగా అన్నావు" అంది ఫ్రౌ కెస్లర్, కళ్ళు మూసుకుంటూ.

విజయలక్ష్మి కింద కోటు వేసుకుంటుండగా హైకె మెట్లమీద నుంచి పిలిచింది. గట్టిగా పిలవలేదు. గొంతులో తొందర కూడా లేదు. అందుకే అర్థమైంది.

గదిలో హైకె కిటికీ తెరిచింది. పోయినవాళ్ళ గదిలో అలా తెరవడం ఇక్కడివాళ్ళ ఆనవాయితీ. చలిగాలి తెరను లోపలికి ఊపింది. ముసలామె నోరు కొద్దిగా తెరుచుకుని ఉంది. హైకె చుబుకం కింద చుట్టిన తువ్వాలు పెట్టి, "చివర్లో నువ్వే ఉన్నావు కదా, ఏమైనా అందా?" అని అడిగింది.

"లేదు" అంది విజయలక్ష్మి.

కిటికీ దగ్గరికి వెళ్ళి కిందికి చూసింది. కారు పక్కన ఆయన నిలబడి ఉన్నాడు. ఊలుటోపీ. అద్దం సగమే తుడిచాడు. ఒక చెయ్యి కారు కప్పు మీద, ఒక చెయ్యి రొమ్ము మీద.

ఫోన్ తీసింది. కింద ఆయన జేబు తడుముకుని ఎత్తేదాకా చూస్తూనే ఉంది.

"వచ్చేస్తున్నావా?"

"కారు ముట్టుకోకండి. లోపలికొచ్చి కూర్చోండి. రేపు కాదు, ఇప్పుడే ఆసుపత్రికి వెళ్తున్నాం. అంబులెన్సు పిలిపిస్తున్నాను."

"ఏంటే, ఏమైంది నీకు?"

"నేను చెబుతున్నాను. రండి."

ఆయన తలెత్తి పైకి చూశాడు. చాలాసేపు అలాగే చూసి, తాళం జేబులో వేసుకుని, మంచులో ఒక్కో అడుగే వేస్తూ గుమ్మం వైపు రాసాగాడు. కిటికీలోంచి ఆయన్ని చూసిన హైకె అప్పటికే అంబులెన్సుకు ఫోన్ చేస్తోంది. విజయలక్ష్మి మెట్లవైపు పరిగెత్తింది.

గదిలో మంచం పక్క బల్లమీద, ఇందాక హైకె ఫ్రౌ కెస్లర్ చెవిలోంచి తీసి పెట్టిన వినికిడి యంత్రం ఎవరూ ఆపకపోవడంతో, చలిగాలిలో సన్నగా కూత పెడుతూనే ఉంది.