గేటు బయట కూర్చున్న మనిషి

పెళ్లిచూపుల్లో అందరూ పిల్లను చూస్తారు. నేను పిల్లవాడి తల్లిని చూశాను. అనుమానం నాకు ఉగ్గుపాలతో వచ్చిన గుణమని మా చెల్లెలు ఇందిరమ్మ అంటుంది. అననీ. బావ పోయాక ఆ ఇంటికి మగదిక్కు నేనే. కామాక్షి నాకు ఒక్కగానొక్క మేనకోడలు. కొడవలూరు పిల్లను ఎక్కడో చిల్లకూరు అవతల ఇస్తూ కళ్లు మూసుకుని కూర్చోమంటే ఎట్లా?

పిల్లవాడు రంగనాయకులుకు వంక పెట్టడానికి లేదు. సొంత సేద్యం, మెత్తని మాట. కామాక్షి తలుపు చాటు నుంచి చూసిన తీరుకే నాకు సంగతి తెలిసిపోయింది. ఈ సంబంధం తప్పితే ఆ పిల్ల మంచం పడుతుంది. నా చిక్కంతా అతని తల్లి మాలకొండమ్మతోనే. అతను ఆవిడను "అక్కా" అని పిలిచాడు. కొన్ని ఇళ్లల్లో తల్లిని అట్లా పిలవడం ఉంది, కాదనను. కానీ ఆవిడ కూడా అతన్ని "పిల్లోడు" అనే అంది. "మీకు ఒక్కడేనా కొడుకు?" అని ఇందిరమ్మ అడిగితే విననట్టు తాంబూలం పళ్లెం వైపు తిరిగింది. భర్త పోయి ఒక్క బిడ్డతో మిగిలిన మనిషి మాటకు ముందు ఒకసారి, వెనక ఒకసారి 'నా కొడుకు' అనాలి. ఈవిడ నోట ఆ మాటే రాలేదు. నిప్పు లేనిదే పొగ రాదు.

రంగనాయకులు గొంతు మీద రూపాయంత మచ్చ ఉంది. అడిగితే దాచలేదు. "మూడేళ్లప్పుడు కంఠసర్పి వచ్చిందంటండీ. నెల్లూరు పిల్లల ఆసుపత్రిలో గొంతుకు కోత పెట్టి గొట్టం దూర్చినారంట," అన్నాడు.

ఊళ్లో వాకబు చేస్తే పిల్లవాడి తరఫువాళ్లు ఎటూ పొగుడుతారు. ఆసుపత్రి వాళ్లకు ఆ అవసరం లేదు. మరునాడే బస్సెక్కాను.

అక్కడి నర్సు కరుణాకుమారితో, మా వాళ్ల వంశవృక్షం రాస్తున్నానని తడుముకోకుండా అబద్ధమాడాను. అది నలభయ్యో సంవత్సరం సంగతి, ఇప్పుడు అరవై ఒకటి, ఉంటుందో లేదో అన్నాను. ఆ అమ్మాయి సంబరపడింది. "పాత రిజిస్టర్ల కోసం వచ్చినోళ్లను ఇప్పుడే చూస్తా ఉండా. చెదలు తినంగా మిగిలినవి ఉండాయి, కూర్చోండి," అంటూ బీరువా తెరిచింది. ఇంగ్లీషులో ఉన్నదాన్ని వెతికి పట్టుకుని తెలుగులో చెప్పింది.

"రంగనాయకులు. మూడేళ్లు. కంఠసర్పి. తల్లి పేరు సామ్రాజ్యం."

నేను కుర్చీ ముందుకు లాక్కున్నాను. "సరిగ్గా చూడమ్మా. మాలకొండమ్మ కాదూ?"

"సామ్రాజ్యం అనే ఉండాది. కింద డాక్టరు దొరసాని ఇంకో మాట రాసింది. తల్లితో వచ్చిన ఆడమనిషి గేటు బయటే కూర్చోనుందంట. పిలిచినా లోపలికి రాలేదంట. పిల్లోడికి గండం గడిచిందని చెప్పినా రాలేదంట."

సామ్రాజ్యం మా వైపు ఎక్కువగా క్రైస్తవులు పెట్టుకునే పేరు. ఇక నాకు అంతా అద్దంలో కనిపించినట్టయింది. బిడ్డలు లేని మాలకొండమ్మ ఎవరి పిల్లవాడి మీదో కన్నేసి, గేటు దగ్గర కాపు కాసి తెచ్చుకుంది. కులం తెలియని బిడ్డకు మేనకోడలిని ఇచ్చేంత పెద్ద మనసు నాకు లేదు, ఉన్నట్టు నటించను. అంతకు మించి, మమ్మల్ని వెర్రివాళ్లను చేసిందన్న మంట. అటునుంచి అటే చిల్లకూరు బస్సెక్కాను.

రిజిస్టర్లో రాసిన ఊరు మాలకొండమ్మదే, అక్కడ సామ్రాజ్యం ఇల్లు దొరకడం కష్టం కాలేదు. చర్చి పక్కన వరండాలో మిషను మీద రవికె కుడుతోంది. రంగనాయకులు నీ కొడుకేనా అని నిలబడే అడిగాను. ఆవిడ నవ్వింది.

"కన్నది నలుగురినయ్యా. వాణ్ణి తవుడుకు కొన్నా."

తవుడుకు కొనడం నేను ఎరగనిది కాదు. పుట్టిన పిల్లలు పుట్టినట్టే పోతుంటే తర్వాతి బిడ్డను చాటలో పెట్టి పక్కింటావిడకు చారెడు తవుడుకు అమ్ముతారు. ఈమె బిడ్డ కాదనుకుని మృత్యువు వదిలేస్తుందని నమ్మకం. మా వైపు ఆ పూటే తిరిగి కొనేసుకుంటారు.

"ఆ ముచ్చట ఆసుపత్రి దాకా వస్తాదా?" అని గద్దించాను.

సామ్రాజ్యం మిషను ఆపింది. "ముందు పుట్టిన ముగ్గురిని మట్టిలో పెట్టిందయ్యా మాలకొండమ్మ. వీడు పుట్టినాక మూడేళ్లు తన బిడ్డ కాదు, నా బిడ్డేనని చెప్పుకునింది. ఇంక భయం లేదని తవుడు తెచ్చి నాకిచ్చి తిరిగి కొనుక్కునింది. 'నా కొడకా' అని ఊరంతా వినేటట్టు ముద్దు పెట్టుకునింది. ఆ వారమే పిల్లోడికి గొంతు మూసకపోయింది. ఆసుపత్రి గేటుకాడ మళ్లా నా చేతుల్లో పెట్టేసింది. 'నేను లోపలికొస్తే నా బిడ్డేనని చావుకు తెలిసిపోతాది, తీసకపోతాది. నువ్వే తల్లివని రాయించు' అనింది. నాకు ఇట్టాంటివాటి మీద నమ్మకం లేదు. ఆమె మొహం చూసి కాదనలేకపోయినా. ఆ తర్వాత ఆమె మళ్లా కొనుక్కోలేదు."

కథ బాగుంది. కథ మరీ బాగుంటే నాకు అనుమానం ఇంకా పెరుగుతుంది. ఇద్దరూ కూడబలుక్కుని ఉండవచ్చు కదా! నేరుగా మాలకొండమ్మ ఇంటికి పోయాను.

ఆవిడ పెరట్లో బియ్యం చెరుగుతోంది. రంగనాయకులు కొంచెం దూరంలో ఎద్దులకు కుడితి పెడుతున్నాడు. నేను ఉపోద్ఘాతం పెట్టుకోలేదు.

"ఆసుపత్రి రిజిస్టరు చూసినానమ్మా. సామ్రాజ్యం చెప్పిందీ విన్నా. నాకు సాక్ష్యాలేం వద్దు. 'రంగనాయకులు నా కొడుకు' అని ఒక్కసారి నా ముందర అనండి. రేపే ముహూర్తం పెట్టిస్తా."

ఆవిడ పెదాలు కదిలాయి. చూపు నా మీద లేదు, పిల్లవాడి గొంతు మీద ఉంది.

"అనండమ్మా. అంత కష్టమా?"

"అననయ్యా," అంది. "మీ పిల్లను ఇయ్యబాకండి. నేను దొంగదాన్నని ఊరూరా చెప్పుకోండి. పెళ్లి కాకపోయినా పిల్లోడు బతికుంటాడు. ఆ మాట మాత్రం నన్ను అడగబాకండి."

రంగనాయకులు కుడితి బాన వదిలి వచ్చాడు. "ఏందక్కా?" అన్నాడు. ఆవిడ అతని వైపు తిరగనైనా తిరగలేదు. "ఏం లేదు నాయనా. నువ్వు పోయి మీయమ్మ కాడ కూర్చోపో," అంది.

నేను ఎన్ని ప్రమాణాలు చూడలేదు! కర్పూరం ఆర్పి చేసినవీ, బిడ్డ నెత్తిన చెయ్యి పెట్టి చేసినవీ చూశాను, ఒక్కదాన్నీ నమ్మలేదు. ఈవిడ అనలేకపోయిన మాటను నమ్మాను. నాకు సిగ్గేసింది. ఏడుపూ వచ్చింది, దాన్ని కండువాతో తుడిచేశాను.

గాలీ ధూళీ, దిష్టీ గిష్టీ నేను పట్టించుకునేవాణ్ణి కాదు. అయినా ఆ పెరట్లో మా మాటలు వినేవాళ్లెవరో పొంచి ఉన్నారనిపించి గొంతు పెంచాను.

"రంగనాయకులు సామ్రాజ్యమ్మ కొడుకు! ఆసుపత్రిలో రాసుండాది, నా చెవులతో విన్నా! ఆ సామ్రాజ్యమ్మ కొడుక్కే మా కామాక్షిని ఇస్తా ఉండాం!"

పక్కిళ్లవాళ్లు గోడల మీదుగా తొంగి చూశారు. చూడనీ. మాలకొండమ్మ చాట కింద పెట్టి, నాకు రెండు చేతులూ జోడించి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.