బరువు దిగింది

లారీ దగ్గర్నుంచి నాలుగడుగులు వేశాడో లేదో, పొడుగోడి భుజం మీది సిమెంటు బస్తా జారి నేల మీద పడి పగిలింది. గోదాములో కూలీలంతా ఆగి చూశారు. అతను కాళ్ళు ఎడంగా పెట్టి గోడకు ఆనుకుని నిలబడ్డాడు. మేస్త్రీ కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. దగ్గరికొచ్చి, ఆ నిలబడ్డ తీరు చూసి, మీసాల చాటున నవ్వుకున్నాడు.

"నీకూ బరువు దిగిందిరా."

ఆ మాట ఆ గోదాముకే సొంతం. మోయగా మోయగా భుజం మీది బరువు ఒళ్ళంతా జారి వృషణంలోకి దిగుతుందనీ, అందుకే అక్కడ వాస్తుందనీ వాళ్ళ నమ్మకం. ఎవరు కనిపెట్టారో తెలీదు. దిగినవాడికి మేస్త్రీ స్వయంగా లంగోటా గుడ్డ బిగించి కడతాడు. ఆ రోజు నుంచి వాడు ముదురు కూలీ, లారీ దగ్గర వాడిదే ముందు వరస. జబ్బుకు బిరుదిచ్చి మురిసిపోవడం మనకే చెల్లింది.

ముందురోజు సాయంత్రం భార్య పోరు పడలేక పొడుగోడు ఆసుపత్రికి వెళ్ళాడు. స్కానింగు చూసి డాక్టరమ్మ ఇద్దరినీ కూర్చోబెట్టింది. ఇది వృషణంలో పుట్టే కేన్సర్ అంది. చాలా అరుదనీ, వచ్చేది ఎక్కువగా వయసులో ఉన్నవాళ్ళకేననీ, బరువులు మోయడానికీ దీనికీ సంబంధం లేదనీ చెప్పింది. మొదట్లో నొప్పి లేకపోవడమే దీని మోసమట. తొందరగా తీసేస్తే దాదాపు అందరూ బాగవుతారట, పాకినా చాలామందిని మందులతో బతికించవచ్చట. పిల్లల సంగతి భార్యే అడిగింది, తల వంచుకోకుండా. మిగిలిన ఒక్కదానితోనే చాలామంది తండ్రులవుతున్నారని డాక్టరమ్మ చెబుతుంటే, అతను మాత్రం ఫ్యాను రెక్కలు చూస్తూ కూర్చున్నాడు.

ఇంట్లో మగవాళ్ళకెవరికైనా వచ్చిందా అని అడిగితే లేదన్నాడు.

"మీ అన్నయ్యకి బరువు దిగలేదూ?" అంది భార్య.

అంటే ఏమిటని డాక్టరమ్మ అడిగింది. అతను చెప్పడం మొదలుపెట్టాడు. అన్నకు వాపు రావడం, గుడ్డ కట్టుకుని పనిలోకి పోవడం, ఆ తర్వాత నడుంనొప్పి, దగ్గు. సిమెంటు దుమ్ము ఊపిరితిత్తుల్ని తినేసిందని అందరూ అనుకున్నారు. అక్కడిదాకా చెప్పి, డాక్టరమ్మ ముందున్న తన స్కానింగు కాగితం వైపు చూశాడు.

ఆపరేషన్ రేపు పొద్దున్నే. సెలవు అడుగుదామనే ఇవాళ పనిలోకి వచ్చాడు. పొద్దుట్నుంచీ నాలుక చివరిదాకా వచ్చిన మాట సిగ్గుతో వెనక్కి పోతూనే ఉంది.

మేస్త్రీ లోపలికెళ్ళి ఉతికిన గుడ్డ తెచ్చాడు. కూలీలు చుట్టూ మూగి ఈలలు వేశారు. పోయిన నెలే కట్టించుకున్న బక్కోడు అందరికంటే గట్టిగా వేశాడు. అన్న పేరు నిలబెట్టావురా అన్నాడు మేస్త్రీ, ప్రేమగానే.

"వద్దు బాబాయ్," అన్నాడు, గుడ్డ పట్టుకున్న చేతిని పక్కకు నెట్టి.

"సిగ్గెందుకురా? మగాడికి వచ్చేదేగా."

"ఇది బరువు కాదు, కేన్సర్. మొదట్లో నొప్పే ఉండదట. రేపు తీసేస్తున్నారు. అన్నని తీసుకుపోయింది కూడా ఇదే. మనం గుడ్డ కట్టి మళ్ళీ పనిలోకి తోలాం."

ఈలలు ఆగిపోయాయి. అన్లోడింగు ఆలస్యమవుతోందని లారీ డ్రైవరు హారను కొట్టాడు. ఒక్కరూ కదల్లేదు.

"వీళ్ళ పెద్దోడికీ నేనే కట్టాను," అన్నాడు మేస్త్రీ. ఎవరితో అన్నాడో అతనికే తెలీదు. "ఊడిపోకుండా రెండు ముళ్ళేశాను."

పొడుగోడు ఆయన్ని ఓదార్చలేదు. ఓదార్చే ఓపిక అతనికి లేదు. ఒంటికంటిన సిమెంటు దులుపుకుని, చొక్కా తొడుక్కుని గేటువైపు నడిచాడు.

గేటు దాటాక వెనకనుంచి ఎవరో పిలిచారు. బక్కోడు. లుంగీ మీదుగానే నడుము దగ్గరి ముడిని తడుముకుంటున్నాడు, అది తొందరగా ఊడి రావడం లేదు.

"అన్నా, నాకూ నొప్పి లేదు," అన్నాడు.