మగ్గం మీద సగం చీరలు

పట్టుకు తడి తగిలితే బరువు పెరుగుతుంది, ఎండలో ఆరితే తగ్గుతుంది. ధర్మవరంలో నేత ఇంట్లో పుట్టిన ఎవరికైనా ఈ సంగతి తెలుసు. షావుకారు సుబ్బరాయుడికి ఇంకా బాగా తెలుసు. అందుకే ఆయన పట్టును నేలమాళిగలో తడి గోనెల మధ్య ఉంచి, అక్కడే తూచి మాకు ఇచ్చేవాడు. నేసిన చీర తెచ్చినప్పుడు మాత్రం ఎండలో, అరుగు మీద తూచేవాడు. తగ్గిందంతా మేం దొంగిలించినట్టే. ఆ మేరకు కూలి కోత.

యాభై ఎనిమిదో సంవత్సరం ఎండాకాలంలో ఒక పొద్దున మా నాయన హనుమంతు చీర తీసుకుపోతుంటే నేనూ వెంట పోయాను. గుమాస్తా తూచి, తక్కువుందన్నాడు. నాయన కోపపడలేదు.

"అయ్యా, ఆ తక్కెడను ఒక్కసారి మాళిగలోకి దించండి. ఆడ తూస్తే సరిపోతాది."

అరుగు కింద నిలబడిన నేతగాళ్లు గొల్లున నవ్వారు. సుబ్బరాయుడు నవ్వలేదు.

"దొంగతనం చేసి నాకే నీతులు చెప్తాండావా?"

"దొంగెవురో తక్కెడకు తెలుసు సామీ."

మధ్యాహ్నానికి దొంగతనం కేసుతో పోలీసులు వచ్చారు. నాయన మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని నేస్తున్నాడు. పక్కన కూర్చుని, పోగును అటూ ఇటూ నడిపే అంచు నాడె వేస్తున్నది నేను. ఆయన జబ్బలు పట్టి పైకి లాగారు. ఆయన చేతిలోని నాడె పడుగు మీద పడి పోగులు తెగాయి. పోతూ పోతూ నాయన పోలీసుల వైపు చూడలేదు, ఆ తెగిన పోగుల వైపే చూశాడు. ఆయన్ను పెనుకొండ సబ్‌జైలులో పెట్టారు.

మరునాడు మా వీధిలో ఒక్క మగ్గమూ ఆడలేదు. నేతగాళ్ల సంఘం పెట్టిన కొండప్ప ఇంటింటికీ తిరిగి ఒకటే మాట చెప్పాడు: "హనుమంతన్న ఇంటికొచ్చేదాకా నాడె ముట్టేది ల్యా."

ఎవరూ ముట్టలేదు. కానీ ఎవరికీ మనసు మనసులో లేదు. ఆకలి ఒక్కటే కాదు. నేస్తున్న చీరను సగంలో వదిలి లేవడం మాలో లేదు. ఇంట్లో చావు జరిగినా ఇరుగుపొరుగు వచ్చి ఆ చీర నేసి దించిపోతారు. సగం చీర మగ్గం మీద మిగిలితే ఆ ఇంటికి అరిష్టమని పెద్దలు చెబుతారు. మా పక్కింటి అక్కమ్మవ్వ తన మగ్గం మీద గుడ్డ కప్పి, దానికి వీపు పెట్టి పడుకునేది.

"అది నన్నే చూస్తాండాదే పుష్పా," అనేది నాతో.

సరిగ్గా అప్పుడే మా అన్న జయరాముడు ఓడ దిగి ఇంటికొచ్చాడు.

అన్నను చదివించింది మా వీధి. వాడు మిషను పని చదువుకు పోయినప్పుడు ప్రతి మగ్గమూ ఒక దినం నేత వాడి కోసం నేసింది. బొంబాయి రేవులో వర్కుషాపు పని నేర్చుకుని, ఓడలో అందరికన్నా చిన్న ఇంజినీరుగా చేరి, మొదటి ప్రయాణం ముగించుకుని వచ్చాడు. ఆ సాయంత్రం జనమంతా మా వాకిట్లో చేరారు. నాయన గురించి మాట్లాడుకున్నాక మాటలు సముద్రం మీదికి పోయాయి. మాలో సముద్రం చూసినవాళ్లు ఎవరూ లేరు.

"బుక్కపట్నం చెరువంత ఉంటాదా జయరాముడూ?" అక్కమ్మవ్వ అడిగింది.

"ఆ చెరువును ఎత్తి దాంట్లో పోస్తే, పోసినోనికే కనపడదవ్వా."

"అయితే కూచోని నీళ్లు చూసేదే పనా నీకు? మారాజు ఉద్యోగం!"

"యాడ చూసేదవ్వా! నా పని ఓడ అడుగున. ఇనుప నిచ్చెన దిగతా దిగతా పోవాల. కమ్మీ పట్టుకుంటే చెయ్యి కాలుతాది. ఆడ పగలూ రాత్రీ ఒకటే, బాయిలర్ల మంట. ఓడ పక్కకి వాలితే నూనె డబ్బా నాకంటే ముందు జారిపోతాది, దాని యెనకాల నేను. మొదట్లో కక్కుకోని కక్కుకోని కడుపులో యేమీ మిగల్లా. మిషను తుడిచేది దేంతో తెలుసునా? నూలు పీచుతో."

"వింటిరా! మన నూలు లేకుంటే ఓడ గూడా కదల్దు," అన్నాడు కొండప్ప. అందరూ నవ్వారు.

అన్న ఉత్సాహంగా చెప్పుకుపోయాడు. పైన పెద్ద ఇంజినీర్లు, కింద ఖలాసీలు, నడుమ వాడు. తినేది ఇంజినీర్లతో, చెమట కార్చేది ఖలాసీలతో. ఖలాసీల పెద్ద ఇస్సాకు కాకినాడ వైపు మనిషి. అన్ని భాషల నడుమ తెలుగు మాట ఆయనదొక్కటే. మిషను వేడెక్కిందేమో చూడాలంటే అరచెయ్యి కాదు, చెయ్యి వెనక భాగం ఆనించి చూడాలని నేర్పింది ఆయనే. కాలినా పని చేసుకునేందుకు అరచెయ్యి మిగులుతుందట.

"చిన్నోడివి, నీ మాట వింటారా వాళ్లు?" కొండప్ప అడిగాడు.

"వినకేం? ఒకతూరి నా మాట మీదనే బాయిలర్లోకి దిగినారు!"

బాయిలర్‌లో ఒక గొట్టం కారింది. మంట ఆర్పి, చల్లారేదాకా ఆగి, మనిషి లోపలికి పాకి దాన్ని మూయాలి. పెద్ద ఇంజినీరు ఆగనివ్వలేదు. ముందుగా దిగిన ఖలాసీ ఒళ్లు కాలి, స్పృహ తప్పి బయటికి వచ్చాడు. దాంతో మిగిలినవాళ్లు కింద కూర్చున్నారు. చల్లారేదాకా దిగేది లేదన్నారు. కాలిన మనిషిని దారిలో వచ్చే ఏడెన్ రేవులో ఆస్పత్రికి చేరుస్తారా లేదా చెప్పమన్నారు.

"పెద్ద ఇంజినీరు నన్ను ఆయన గదికి పిలిపిచ్చె. కుర్చీ యేసి టీ ఇప్పిచ్చె. 'వాళ్లు నిన్ను నమ్ముతారు. ఏడెన్‌లో ఆ మనిషిని దించుతాం, పని మాత్రం ఇప్పుడే కానీమను' అన్నాడు. నేను పోయి చెప్తి. ఇస్సాకు నా మొగం చూసినాడు. 'మీరు చెప్పినారు కాబట్టి' అని అందరికంటే ముందు తానే దిగినాడు. గొట్టం మూసిరి. ఓడ కదిలె."

వాడి గొంతులో గర్వం ఉంది. అక్కమ్మవ్వ మెల్లగా అడిగింది.

"ఆ కాలిన మనిషిని దించినారా నాయనా?"

"ఏడెన్ దీపాలు కనపడినాయవ్వా. ఓడ ఆగల్యా. ఆలస్యమైతాదని ఆపల్యా."

"మరి?"

"పోయినాడు. సముద్రంలో యేసినారు."

"యేం గుడ్డ సుట్టినారప్పా?"

"క్యాన్వాసు. మందం గుడ్డ."

"నేసిన గుడ్డేనా?"

"నేసిందే."

అవ్వ తల ఊపింది. కొండప్ప మాత్రం వదల్లేదు. "ఇస్సాకు యేమాయె?"

"బొంబాయిలో పోలీసులు రేవు కాడనే కాసుకోనుండిరి. తిరగబడినాడని పట్టుకపోయిరి. నేనేం చేసేదన్నా? నాకు మంచి సర్టిఫికెట్టు ఇచ్చినారు. మళ్లీ రమ్మన్నారు."

నేను గడప లోపల కూర్చుని వింటున్నాను. సర్టిఫికెట్టు మాట చెబుతూ అన్న అరచేతిని ప్యాంటుకు తుడుచుకోవడం చూశాను. ఎవరూ వాణ్ణి ఏమీ అనలేదు. వాడు మా వీధి బిడ్డ. ఓడ ఎక్కడో ఉంది.

రెండు రోజులకు సుబ్బరాయుడు అన్నకు కబురు పంపాడు. కుర్చీ వేశాడు. కాఫీ ఇప్పించాడు. అన్న వెలిగే మొహంతో తిరిగొచ్చి అందరినీ పిలిచాడు.

"నాయన్ని ఇడిపిస్తాడంట! కేసు వాపసు తీసుకుంటాడు. హిందూపురం వ్యాపారి పెళ్లి చీరల కోసం తొందరపడతాండాడు. మగ్గం మీదుండేవి మాత్రం దించండి, కొత్తవి మొదలుపెట్టొద్దు అన్నాడు. చీరలు అందిన దినం సాయంత్రం బండికే నాయన వస్తాడు."

"ముందు మనిషిని ఇడవమను," అన్నాడు కొండప్ప.

"మాటిచ్చినాడన్నా."

"ఎవురికి?"

"నాకు."

కొండప్ప ఇంకా వాదించాడు. కుర్రవాళ్లు కొందరు ఆయన వైపు నిలిచారు. కానీ అక్కమ్మవ్వ లేచి నిలబడింది. "ముందు ఆ సగాలు దించుదాం రాండప్పా. అవి మగ్గాల మీదుండబట్టే హనుమంతు జైల్లో ఉండాడు." ఆ మాటకు ఆడవాళ్లందరూ తలలూపారు. ఇస్సాకుకు కూడా ఇట్లనే మాటిచ్చినారు కదా అన్నా అని అడగాలనుకున్నాను. అమ్మ అప్పటికే నాయన పంచె ఉతికి తీగ మీద ఆరేస్తోంది. నేను అడగలేదు.

మగ్గాలు ఆడాయి. చీరలు దిగాయి. మెరిసే పెళ్లి చీరలు మూటలు కట్టి షావుకారు ఇంటికి చేర్చాం. ఆ సాయంత్రం వీధి వీధంతా రైలు స్టేషనుకు పోయింది. మరువం దండ అక్కమ్మవ్వ చేతిలో, మడత పంచె అమ్మ చేతిలో.

హిందూపురం నుంచి, పెనుకొండ మీదుగా బండి వచ్చింది. మూటలవాళ్లు దిగారు. గొర్రెల వ్యాపారులు దిగారు. నాయన దిగలేదు. వెనక పెట్టెలోంచి లాఠీలతో పోలీసులు దిగారు. నాయన వస్తాడనుకున్న బండిలోనే, మేం మళ్లీ మగ్గాలు ఆపకుండా కాపలాకు వాళ్లను రప్పించాడు సుబ్బరాయుడు. ఆ పొద్దునే పెనుకొండ కోర్టులో షావుకారే మా నాయన మీద సాక్ష్యం చెప్పి వచ్చాడని వాళ్లే నవ్వుతూ చెప్పారు.

బండి వెళ్లిపోయింది. అమ్మ పంచె మడత విప్పి మళ్లీ మడిచింది.

అన్న షావుకారు ఇంటికి పరుగెత్తాడు. వెనకే నేను. అరుగు మీద కుర్చీ లేదు.

"మాటిస్తిరి కదా!" అన్నాడు అన్న.

"చీరలొచ్చినాయి కదా," అన్నాడు సుబ్బరాయుడు. "ఇంక నీకు నాతో యేం పని?"

మరునాడు పొద్దున పడుగులు సాచే సందులో అందరూ చేరారు. అన్నను నడుమ నిలబెట్టారు.

"ఓడలో వాళ్లను అమ్మితివి. ఈడ కన్న నాయన్నే అమ్మితివి!"

"మా నేతతో సదివి మా గొంతే కోస్తివి గదరా!"

"కొట్టండి," అన్నాడు అన్న. "ఇస్సాకును తీసుకపోతాంటే ఓడ మీద నిలబడి చూసినాను. అప్పుడే నన్ను ఎవురైనా కొట్టింటే బాగుండు."

ఒకడు చెయ్యెత్తాడు. కొండప్ప ఆ చెయ్యి పట్టుకున్నాడు. "వీడు మోసగాడు కాదు, మోసపోయినోడు. మనమూ అంతే. మాటకు కాదు, ఆ సగం చీరలకు భయపడి మగ్గాలెక్కితిమి. ఆ భయం షావుకారుకు ముందే తెలుసు."

అప్పుడు నేను మాట్లాడాను.

"షావుకారు కొత్త పట్టు పంపుతాడు. తీసుకుందాం. పడుగు అతుకుదాం. నేద్దాం. సగం దాకా."

"ఓయమ్మ, పుష్పకు నోరుండాదే!" అన్నారెవరో. ఎవరూ నవ్వలేదు.

"చీరలు వాని ఇంటికి చేరినంక మన చేతిలో యేం మిగిలింది? ఈ తూరి వాని పట్టు మన మగ్గాల మీదనే ఉండాల. సగం చీరను కోసుకపోతే ఎవురు కొంటారు? కోయకపోతే వ్యాపారికి యేం చూపిస్తాడు?"

అక్కమ్మవ్వ మొహం పాలిపోయింది. "వీధంతా సగాలా? వద్దే తల్లీ, వంశాలు నిలవవు."

"అవ్వా, పోయిన తూరి అన్నీ దించితిమి. అరిష్టం తప్పిందా?"

చాలాసేపు వాదన నడిచింది. కొందరు తిట్టుకుంటూ లేచిపోయారు. మధ్యాహ్నానికి ఒక్కొక్కరే తిరిగొచ్చారు.

కొత్త పట్టు వచ్చింది. పాత పడుగు కొనలకు కొత్త పడుగును ఆడవాళ్లం పోగు పోగూ మెలిపెట్టి అతికాం. నాయన గుంటలో అన్న దిగాడు. అంతకుముందు అక్కమ్మవ్వ వాడి చేతులు సీకాయతో రుద్ది రుద్ది కడిగించింది. "ఓడ నూనె చేతులతో పట్టు ముట్టద్దు" అంది. వాటిని వాసన చూసి గానీ వదల్లేదు. చిన్నప్పుడు నేర్చిన నేత వాడి చేతులు మరిచిపోలేదు. పక్కన నేను కూర్చున్నాను. ఓడ కంపెనీ రమ్మన్న రోజు వచ్చింది, పోయింది. వాడు గుంటలోంచి లేవలేదు.

మగ్గాల చప్పుడు విని సుబ్బరాయుడు మురిసిపోయాడు. కాపలా పోలీసులు వేపచెట్ల నీడన కునుకు తీశారు.

హిందూపురం వ్యాపారి చీరలు చూడటానికి స్వయంగా వచ్చిన రోజున, కొండప్ప ఇంట్లో ముందుగా మగ్గం ఆగింది. తర్వాత పక్కింట్లో. చప్పుడు ఇల్లిల్లూ దాటుకుంటూ మా ఇంటి దాకా వచ్చి ఆగిపోయింది. గుంటలోంచి లేవని అన్న తప్ప అందరం బయటికొచ్చి ఎవరి గడప ముందు వాళ్లం నిలబడ్డాం.

సుబ్బరాయుడు రొప్పుతూ వచ్చాడు. వెనక వ్యాపారి, పోలీసులు.

"యేమప్పా, యేంది ఇది? కత్తెర తెచ్చి కోసుకోని పోతా!"

"కోసుకో సామీ," అన్నాడు కొండప్ప. "పట్టు నీదే కదా."

షావుకారు మా ఇంట్లోకి దూరి మగ్గం ముందు నిలబడ్డాడు, వెనకే నేను. ఎర్రటి పెళ్లి చీర, జరీ అంచు, సగం. చెయ్యి చాచి మళ్లీ వెనక్కి తీసుకున్నాడు. వ్యాపారి వాకిట్లోంచే తల అడ్డంగా ఊపి, ఊరి దారి పట్టాడు.

"వీడే! ఓడల్లో తిరిగొచ్చిన ఈడే మూలం!" సుబ్బరాయుడు అన్నను చూపించాడు. పోలీసులు వాణ్ణి గుంటలోంచి లాగబోయారు. వాడు చెయ్యి అడ్డం పెట్టి, నాడెను పడుగు మీద పడకుండా నా చేతికిచ్చి, తానే పైకి వచ్చాడు.

"నాయనకు యేం చెప్పాల?" అన్నాడు నాతో.

"పోగు తెగలేదని చెప్పన్నా."

వీధి కదిలింది. పోలీసుల చుట్టూ జనం చేరి వీధి పొడుగునా వెంట నడిచారు. లాఠీ కొండప్ప భుజం మీద పడింది. ఆయన వెనక్కి తగ్గలేదు. అంతమందిని చూసి సుబ్బరాయుడి గొంతు మారింది.

"ఆగండప్పా! అందరి ముందరా మాటిస్తాండా. చీరలు దించండి, తండ్రీకొడుకులు ఇద్దరినీ ఇడిపిస్తా."

పోయిన తూరి ఇట్లాంటి మాటే మమ్మల్ని మగ్గాలెక్కించింది. అందరూ అక్కమ్మవ్వ వైపు చూశారు. సగం చీరకు అందరికన్నా ఎక్కువ భయపడింది ఆమె. అవ్వ తన గడప మీది నుంచి కదలకుండా, చెయ్యి ఎత్తి రైలు స్టేషను వైపు చూపించింది.

"మాట నీ కాడనే పెట్టుకో సామీ. వాళ్లు ముందు ఆడ బండి దిగనీ. ఆ తర్వాత ఈడ చీరలు దిగుతాయి."

వెనక్కి తిరిగి ఇంట్లోకి పోయింది. నేను ఆమె గుమ్మంలోంచి లోపలికి చూశాను. ఈసారీ మగ్గం మీద కప్పిన గుడ్డను తీసేసి, సగం చీరకు ఎదురుగా గోడకు ఆనుకుని కూర్చుంది.