పక్క సీటు మేడమ్

మా తోడికోడలికీ నాకూ నాలుగేళ్లుగా మాటల్లేవు. ఆవిడ పై అంతస్తులో ఉంటుంది, నేను కింద. ఏదైనా చెప్పుకోవాల్సి వస్తే అత్తగారి ద్వారా చెప్పుకుంటాం. అత్తగారు సగం మర్చిపోయి, మిగతా సగం మార్చి చేరవేస్తుంది. నీళ్ల మోటారు వేయమన్న కబురు ఓసారి మోటారు కాలిపోయిందన్న కబురుగా పైకి వెళ్లి, ఇంటికి మెకానిక్ వచ్చాడు.

గొడవ పెద్దదేం కాదు గానీ తలుచుకుంటే నాకింకా ఒళ్లు మండుతుంది. ఆన్‌లైన్ పరీక్షలు పెట్టే ఒక కంపెనీకి నేను ఇంటి నుంచే ప్రశ్నపత్రాలు సరిచూసేదాన్ని. నాలుగు జవాబుల్లో ఒకటే సరైనది కావాలి, మిగతా మూడూ తప్పు కావాలి. ఒక మధ్యాహ్నం నేను మీటింగులో ఉండగా ఆవిడ తన పిల్లలిద్దర్నీ నా గదిలో వదిలి బయటికెళ్లింది. వాళ్లు ఇల్లు పీకి పందిరేశారు. సాయంత్రం ఇదేంటని అడిగితే, చుట్టాల ముందే, "కంప్యూటర్ ముందు కూర్చోవడం కూడా ఓ పనేనా? ఖాళీగానే ఉంటావుగా" అంది. అదే ఆఖరి మాట. ఆ తర్వాత ఆవిడ రెండుసార్లు కిందికొచ్చినట్టుంది. నేను తలుపు తియ్యలేదు.

ఇంట్లో పని సాగక, కో-వర్కింగ్ స్పేస్‌లో నెలవారీ సీటు తీసుకున్నాను. కళ్లజోళ్ల దుకాణం మీద మూడో అంతస్తు. పొడవాటి హాలు, జతజతగా బల్లలు, ఫోన్ మాట్లాడుకోవడానికి ఓ మూల అద్దాల పెట్టె. కిటికీ పక్కన భవనాలకు ప్లాన్లు గీసే ఇంజినీరు, ఆయన వెనక కుక్కల షాంపూ అమ్మే పెద్దమనిషి. గోడ మీద పెద్ద అక్షరాలతో ‘ఇక్కడ మనమంతా ఒకే కుటుంబం’ అని రాసి ఉంది. అది చూసైనా నేను జాగ్రత్త పడాల్సింది.

మూడేళ్లు హాయిగా గడిచాయి. ఒక సోమవారం మేనేజరు నా పక్క సీటుకి కొత్త మనిషిని తీసుకొచ్చాడు. మా తోడికోడలు.

ఆవిడకూ ఇంటి నుంచి చేసే ఉద్యోగం దొరికిందని అత్తగారు అంతకుముందే చెప్పింది. సోఫాలమ్మే కంపెనీకి వచ్చే ఫిర్యాదులకు ఫోన్లో జవాబులివ్వడం. అది ఇంట్లో సాగలేదన్న సంగతి మాత్రం చెప్పలేదు.

"పరిచయం చేసుకోండి," అన్నాడు మేనేజరు, మా ఇద్దరి మధ్యా నిలబడి. పరిచయాలు చేయించందే కదలడు, అది అతని పద్ధతి.

"నమస్తే మేడమ్," అంది ఆవిడ.

"నమస్తే మేడమ్. ఎక్కణ్ణుంచి వస్తారు?" అన్నాను. నోటికి అదే వచ్చింది.

"దగ్గరే. మీరూ?"

"నేనూ దగ్గరే."

మేనేజరు సంతోషించి వెళ్లిపోయాడు. సీటు మార్చమంటే కారణం చెప్పాలి కాబట్టి ఇద్దరం మార్చమనలేదు. పొద్దున ఒకే బస్సు ఎక్కేవాళ్లం, ఆవిడ ముందు తలుపు నుంచి, నేను వెనక తలుపు నుంచి. ఇంట్లో ఎవరికీ తెలియదు. మా ఇంట్లో మా ఉద్యోగాల గురించి అడిగేది ఒక్కటే, ఇంటికి ఎన్నింటికి వస్తారని.

మొదటి వారం చార్జరు ఇచ్చిపుచ్చుకున్నాం. రెండో వారం, నా ప్రశ్నపత్రంలో ఒక ప్రశ్నకు రెండు సరైన జవాబులున్నాయని ఆవిడ పట్టుకుంది. అది అలాగే వెళ్లుంటే నా ఉద్యోగం పోయేది. ఆ రోజు డబ్బాలు మార్చుకుని తిన్నాం. కూర బాగుందని మర్యాదకు అన్నాను. నిజంగానే బాగుంది. ఫోన్లో ఎవరో అరిచి ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకున్న రోజున, హెడ్‌సెట్ తీసుకుని ఆ సోఫా ఆయన సంగతి నేను చూశాను.

రెండో నెలలో ఆవిడ హఠాత్తుగా అంది, "మా ఇంట్లో ఒకావిడ ఉంది మేడమ్. మా తోడికోడలు. మహా మొండిది."

నేను స్క్రీను మీంచి కళ్లు తిప్పలేదు. "మాకూ ఉందండీ ఒకావిడ. నోటికి హద్దుండదు."

"అయ్యో పాపం," అంది ఆవిడ.

అప్పట్నుంచి రోజూ టీ తాగుతూ మా ఇళ్లలోని ఆ ఇద్దర్నీ దుమ్మెత్తిపోసేవాళ్లం. అంత హాయిగా నేను ఎవరి దగ్గరా మాట్లాడలేదు. నా మొండితనం గురించి ఆవిడ చెప్పినవన్నీ నిజమే, ఒకటి రెండు నాకే కొత్త. ఓ రోజు, "నేనే ఆవిణ్ణి అనరాని మాట అన్నాను మేడమ్. ఇప్పుడు నేనూ ఇదే పని చేస్తున్నాను కదా, తెలిసొచ్చింది," అంది.

"ఈపాటికి మర్చిపోయి ఉంటుందిలెండి," అన్నాను.

"మీకెలా తెలుసు?"

"ఊరికే అన్నాను."

ఆ సాయంత్రం మెట్ల దగ్గర ఎదురుపడ్డాం. ఇద్దరం తలలు దించుకుని తప్పుకున్నాం. అలవాటు అలాంటిది.

ఎనిమిదో నెలలో, ఒక బుధవారం, ఆవిడ టీ ముట్టుకోలేదు. "మేం ఇల్లు మారుతున్నాం మేడమ్. ఊరి అటు చివర. ఆయన ఎల్లుండి అద్దె ఒప్పందం మీద సంతకం పెడతారు. ఈ సీటు కూడా వదిలేస్తాను, అంత దూరం నుంచి రాలేను."

"ఎందుకండీ ఇప్పుడు?"

"ఒకే మెట్లు, ఒకే గేటు, మాట లేదు. నాకు ఊపిరాడటం లేదు."

"మీ తోడికోడలితో ఓసారి మాట్లాడి చూడకపోయారా?"

"రెండుసార్లు వెళ్లాను. తలుపు వేసుకుంది."

"మీరని తెలిసుండదు."

"తెలిసే వేసింది," అంది ఆవిడ.

తెలిసే వేశాను. ఆ మధ్యాహ్నం మూడు తప్పు జవాబుల్ని సరైనవని పంపించాను. ఆవిడ వెళ్లిపోతే నాకు తోడికోడలు పోతుందని కాదు, ఆవిడ ఎప్పుడో పోయింది. పక్క సీటు మేడమ్ పోతుంది. ఆవిడ నాకు కావాలి.

గురువారం పొద్దున ఆవిడ సీటుకు రాలేదు. సామాను సర్దుకుంటోందని అత్తగారు చెప్పింది, ఈసారి మార్చకుండా. సాయంత్రం నేను పైకి వెళ్లాను. హాల్లో అట్టపెట్టెల మధ్య బావగారు, మా ఆయన, అత్తగారు ఉన్నారు. ఆవిడ గిన్నెలకు కాగితం చుడుతోంది. ఏమని మొదలుపెట్టాలో దారంతా అనుకున్నాను. తీరా నోరు తెరిస్తే వచ్చింది ఇది.

"మేడమ్, ఒక్క నిమిషం."

ఆవిడ చేతిలోని గిన్నె కింద పెట్టింది.

"చెప్పండి మేడమ్."

"మీ తోడికోడలు మిమ్మల్ని వెళ్లొద్దంటోంది."

"అలాగా? ఆ మాట ఆవిణ్ణే వచ్చి చెప్పమనండి."

"వీళ్లకేమైందిరా?" అంది అత్తగారు.

ఆవిడ అన్నది న్యాయమే. నేను వెనక్కి తిరిగి, మెట్లన్నీ దిగి, మా గుమ్మం దాకా వెళ్లాను. లోపలికెళ్లి తలుపేసుకోవడం నాకు బాగా వచ్చిన పని. మళ్లీ మెట్లెక్కి, తెరిచే ఉన్న ఆ తలుపు మీద తట్టాను.

"అక్కా," అన్నాను. మిగతాదంతా ఏడుపులో కలిసిపోయింది. "వెళ్లకక్కా. ఆ రెండుసార్లూ తలుపు తియ్యంది నేనే."

ఆవిడ లేచి వచ్చి నా చెయ్యి పట్టుకుంది. ఆవిడా ఏడుస్తోంది.

"ఎనిమిది నెలలుగా నీకు చెబుతూనే ఉన్నాను కదే."

"అన్నీ విన్నానక్కా. పైకి రావడానికే ఇంతసేపు పట్టింది."

బావగారు ఆ కొత్త ఇంటి యజమానికి ఫోన్ చేసి, గొంతు తగ్గించి, కారణం ఏం చెప్పాలో తెలియక చాలాసేపు క్షమాపణలు అడిగారు. మేమిద్దరం కూర్చుని గిన్నెల చుట్టూ కాగితాలు విప్పాం.