జీడినూనె పూసిన పెట్టె

పలాస స్టేషన్లో దిగిన జ్యోత్స్న గారు నా ఆటోలోనే అక్కుపల్లి బయలుదేరారు. ఆవిడ హైదరాబాదులో ఒక గ్రంథాలయంలో పనిచేస్తారు. మా బైరాగి రాసిన కథల కాగితాలన్నీ తీసుకెళ్ళి అక్కడ భద్రపరుస్తారట. బైరాగి పోయి మూడేళ్ళయింది. ఒక్క కాగితమైనా నాకు ఉంచమని అడగాలని ప్రాణం కొట్టుకుంటోంది. ఏ వరసన అడగను? ఊరికి నేను ఆటో వాసుని, అంతే.

కాశీబుగ్గ దాటుతుంటే జీడిపిక్కలు కాల్చే వాసన కొట్టింది. తొంభై తొమ్మిదిలో నేనూ బైరాగీ ఇదే ఆటోకి మైకు కట్టి సంతలన్నీ తిరిగాం. ఎయిడ్స్ ఎలా వస్తుందో, ఎలా రాదో, మగవాణ్ణి మగవాడు ప్రేమిస్తే ఎవడి సొమ్ము పోయిందో బైరాగి జంకు లేకుండా చెప్పేవాడు. సిగ్గంతా నా వంతు. "మావా, నువ్వు హారన్ కొట్టు సాలు, మిగతాది నాను సూసుకుంతాను" అని నవ్వేవాడు.

బేరాల్లేనప్పుడు వెనక సీట్లో కూర్చుని కథలు రాసేవాడు. గతుకు తగిలి అక్షరం గెంతిందా, నాకు తిట్లే తిట్లు. ఆ తిట్ల కోసం ఇప్పటికీ గతుకుల్లో వెనక్కి తిరిగి చూస్తాను.

అక్కుపల్లిలో వాళ్ళమ్మ ఎర్రమ్మ చెక్కపెట్టె ముందుకు జరిపింది. మూత తీయగానే జ్యోత్స్న గారి ముఖం వాడిపోయింది. పడవలకి పురుగు పట్టకుండా పూసే నల్లటి జీడినూనె పెట్టె బయటంతా పూసి ఉంది. అది సందుల్లోంచి దిగి కాగితాల అంచులన్నీ నల్లబడ్డాయి.

"అయ్యో, పెట్టెకి ఇదెవరు పూశారమ్మా?"

"నానేనమ్మా" అంది ఎర్రమ్మ. "ఆడు పోయిన్నాడు ఊరోల్లొచ్చి, రోగం అంతుకుంతాదని సాప, బట్టలు అన్నీ కాల్సీసినారు. పెట్టి కూడా మంటలో ఏసేత్తామన్నారు. పడవకని తెచ్చిన నూని దీనిమీద ఒంపీసి, సేతుల్తోనే పామీసినాను. ముట్టుకుంతే సెయ్యి కాలతాది, అంతిత్తే పొగకి కల్లు పోతాయి. అందరూ పెట్టిని ఒగ్గీసి ఎల్లిపోనారు."

అరచేతులు చాపింది. బొబ్బలు మానిన మచ్చలు. ఆ రోజు ఊరివాళ్ళు నన్ను ఊరి మొదట్లోనే ఆపేశారు. ఈ సంగతి నాకిప్పుడే తెలిసింది.

జ్యోత్స్న గారు కళ్ళు తుడుచుకున్నారు. "మరకలతోనే తీసుకెళ్తానమ్మా. మీరు సరేనంటే చాలు."

"నన్నడుగుతారేటమ్మా?" ఎర్రమ్మ నా వైపు చూసింది. "ఆడి మనిసి ఇక్కడే ఉన్నాడు గదా. వాసునడగండి."

ఇన్నేళ్ళూ నన్ను "ఏరా ఆటో" అని తప్ప పిలవని ముసలమ్మ! అక్కడే కూలబడి ఏడ్చాను. ఆవిడ ఊరుకోబెట్టలేదు, ఏడవనిచ్చింది.

"కాయితాలన్నీ పట్టుకెల్లండి మేడం" అన్నాను చివరికి. "అందరూ సదవాల. పెట్టి మాత్రం మాకు ఒగ్గీండి."